ట్రాస్క్ డాక్టరు తప్పు జవాబులు

డాక్టర్ ట్రాస్క్ తన కుర్చీలోనే చచ్చి ఉన్నాడు. మెడ మీద తాడు బిగించిన గీత. పక్కన కిటికీ బార్లా తెరిచి ఉంది. నెబ్రాస్కా జనవరి చలికి శవం కట్టెలా బిగుసుకుపోయింది. ఎప్పుడు పోయాడో చెప్పలేమని శవపరీక్ష చేసినాయన చేతులెత్తేశాడు.

చెప్పగలిగింది ఎదురుగా ఉన్న కంప్యూటరే. లైసెన్సు నిలబెట్టుకోవాలంటే డాక్టర్లు చదవాల్సిన ఆన్‌లైన్ పాఠం అందులో ఉంది. ఆఖరి ప్రశ్నకు రాత్రి ఏడుంబావుకు జవాబు వెళ్లింది.

ఆ వేళకు క్లినిక్‌లో ఉన్నది నర్సు గ్రెచెన్ ఒక్కతే. ఇప్పుడామె చేతులకు బేడీలున్నాయి.

"మధ్యాహ్నం ఆయనతో గొడవ పడ్డావట?" డిటెక్టివ్ లోర్నా అడిగింది.

"సెలవివ్వనన్నారు, అరిచాను. అంతమాత్రానికి మనిషిని చంపుతానా? తలుపు మూసుంటే పాఠం చదువుకుంటున్నారనుకుని ఎనిమిదింటికి ఇంటికెళ్లిపోయాను." గ్రెచెన్ పక్కకు చూసింది. "గొడవలంటే ఈయన్నడగండి. అడిగినవాళ్లందరికీ మత్తు మాత్రలు రాసిస్తున్నారని మెడికల్ బోర్డుకు చెప్పబోయారు ట్రాస్క్ గారు."

క్లినిక్‌లో భాగస్వామి డాక్టర్ పైక్ నవ్వాడు. "నేను ఆరింటికే చర్చి విందుకెళ్లాను. చిల్లీ కూర రెండు గిన్నెలు లాగించాను. ఊరంతా చూసింది."

నిజమే. లోర్నా కూడా చూసింది. బల్ల కింద ఫోను పెట్టుకుని తింటున్నాడు.

ఆమె తెర మీది జవాబులను పైనుంచి ఒక్కొక్కటే చూడసాగింది. "ట్రాస్క్ గారికి డిగ్రీ ఎవరిచ్చారు? మొదట నొక్కినవన్నీ తప్పే!"

"కావాలనే నొక్కేవారు," గ్రెచెన్ కళ్లు తుడుచుకుంది. "ఒప్పు నొక్కితే ఆ కంప్యూటరు శభాష్ అని పంపించేస్తుంది. తప్పు నొక్కితేనే ఎందుకు తప్పో విడమరిచి చెబుతుంది. కట్టిన డబ్బులకు పాఠం చెప్పించుకోవద్దా అనేవారు. మేమంతా నవ్వేవాళ్లం."

లోర్నా వేలు తెర మీద ఆగింది.

"సాయంత్రం ఆరింటి దాకా ప్రతి ప్రశ్నకూ ముందు తప్పే. ఆ తర్వాత పది ప్రశ్నలున్నాయి. పదీ మొదటిసారే ఒప్పు. అవి ఆయన నొక్కినవి కావు, అప్పటికే పోయారు. పాఠం ఆన్‌లైన్ కదా, విందు బల్ల దగ్గర కూర్చునైనా రాయొచ్చు. పాస్‌వర్డ్ ఇదిగో, కీబోర్డుకే అంటించి ఉంది. డాక్టరు గారూ, మీ ఫోనిలా ఇవ్వండి."

పైక్ చెయ్యి ఫోనున్న జేబును మూసింది.

"ఆయన అలవాటు మీకు తెలియదా?"

"తెలుసు." అన్నాడు పైక్. "వేలు తప్పు జవాబు దాకా వెళ్లి వెనక్కొచ్చింది. జవాబు ఎదురుగా కనబడుతుంటే... డాక్టర్ని. తప్పెలా నొక్కను?"

"ఆ మాత్రలు రాసేటప్పుడు వెనక్కి రాలేదే ఆ వేలు?" అంది గ్రెచెన్.

లోర్నా ఆమె బేడీలు తీసి పైక్‌కు వేసింది. గ్రెచెన్ మణికట్లు రుద్దుకుంటూ వెళ్లి కిటికీ మూసింది.