గాజుపలకలో ప్రాణాలు

మిట్టమధ్యాహ్నం!

సూర్యుడు నడినెత్తిన నిప్పులు చెరగవలసిన వేళ... కొండల మీద కారుచీకటి కమ్ముకుంది! మేఘగర్జనలతో లోయ దద్దరిల్లుతోంది. పాత రైల్వేస్టేషన్ గడియారం వెనక గూడు కట్టుకున్న గుడ్లగూబ పగలని కూడా చూడకుండా కూసింది... ఒకసారి... మళ్లీ ఒకసారి! దెయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయని చెప్పినవాళ్లెవరో గానీ, ఈ ఊళ్లో ఒక్క మధ్యాహ్నం కూడా గడిపి ఉండరు.

ఎప్పుడో మూతపడిన బంగారు గని సొరంగం ముందు ఒక అమ్మాయి మోకాళ్ల మీద కూలబడి, ఉత్త చేతులతో రాళ్లు పెకలిస్తోంది. గోళ్లు విరిగాయి. వేళ్ల చివర రక్తం గడ్డకట్టి, మళ్లీ చిట్లుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి... వాటిలో చూపు లేదు! నోరు కదులుతోంది... వస్తున్నది ఆమె గొంతు కాదు! ఎందరో మగవాళ్ల గొంతులు, ఒక్కసారిగా!

"బండి నిండలేదు... యజమాని ఊరుకోడు... తవ్వు... తవ్వు!"

"బుజ్జీ! లేవే! నేనే, అక్కని!"

పరుగున వచ్చి ఆ అమ్మాయి నడుం పట్టుకు లాగిన మనిషిని ఊళ్లో చిన్నాపెద్దా అందరూ స్టూడియో అక్క అంటారు. లాగిందే గానీ, ఏం లాభం? కర్రపుల్లలాంటి చెల్లెలు ఒక్క విదిలింపు విదిలిస్తే అక్క వెళ్లి పట్టాల మీద పడింది. మబ్బు విడిచి ఎండ పొడ తగిలాకగానీ ఆ తవ్వడం ఆగలేదు. అప్పుడు చెల్లెలు తన చేతులు తనే చూసుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది.

"అక్కా... ఇవాళ కూడానా?"

వారం నుంచి ఇదే తంతు. డాక్టరు నిద్రమాత్రలిచ్చాడు. నిద్రలోనే లేచి వెళ్లి తవ్వింది. చెల్లెల్ని ఎత్తి పెంచిన చేతులు అక్కవి. ఆ చేతులకిప్పుడు కట్లు కట్టడం తప్ప ఏమీ చేతకావడం లేదు.

ఆ ఊళ్లో ఉన్నది ఒకే ఒక్క ఫొటో స్టూడియో. తండ్రి పోయాక ఆమే నడుపుతోంది. పాస్‌పోర్టు ఫొటోలతో పూట గడుస్తుంది గానీ, ఆమె ప్రాణమంతా పాత గాజుపలకల మీదే. ఫిల్ము పుట్టకముందు ఫొటోలు వాటి మీదే తీసేవారు. కొండను తొలుస్తున్న కూలీలు, గాడిదల వీపున ఇనుప పట్టాలు, మొదటి బంగారు కడ్డీని రెండు చేతులా ఎత్తి చూపిస్తున్న గుమాస్తా, జెండా కట్టుకుని వంతెన దాటుతున్న తొలి రైలింజను... అన్నిటినీ తుడిచి, ప్రింట్లు వేసి, రైళ్లు రావడం మానేసిన స్టేషన్ హాల్లో వరసగా తగిలించింది. వాటిలో పెద్దది గని కూలీలందరి ఫొటో. సొరంగం ముందు, మధ్యలో కుర్చీ వేసుకుని గని యజమాని. అతని చుట్టూ గునపాలు పట్టుకున్న కూలీలు. ఆ ఫొటో తీసిన రోజే సొరంగం కూలింది. లోపలికి వెళ్లినవాళ్లలో ఒక్కరూ బయటికి రాలేదు.

ఆ ఫొటో వెతుక్కుంటూనే ఈమధ్య ఊళ్లోకి వచ్చాడొకాయన. ఊరంతా అతన్ని పాత ఫొటోలాయన అనేది. యజమానికి మనవడట. మాట మెత్తన, చూపు చల్లన. తాత జ్ఞాపకార్థం అదే చోట, అదే కెమెరాతో, ఆ కూలీల వారసులందరినీ నిలబెట్టి మళ్లీ ఒక ఫొటో తీయిస్తానన్నాడు. ఊరు ఎగిరి గంతేసింది. కెమెరా పనిచేస్తుందో లేదో చూద్దామని ఎదురుగా ఉన్న బుజ్జిని కూర్చోబెట్టి ఒక పలక మీద ఫొటో తీశాడు. మర్నాటి నుంచే ఆ పిల్ల తవ్వడం మొదలుపెట్టింది!

ఆ సాయంత్రం అతను స్టూడియోకి వచ్చాడు.

"రేపు మధ్యాహ్నం నేను కుర్చీలో కూర్చుంటాను. లెన్సు మూత తీసే మనిషి కావాలి. మీరు తీస్తారు" అన్నాడు.

"నేను తీయను. మా చెల్లికి నువ్వేం చేశావో చెప్పు ముందు!"

అతను నవ్వాడు. కోటు జేబులోంచి ఒక గాజుపలక తీశాడు. దాని మీద బుజ్జి ముఖం. బొటనవేలి గోటిని ఆ ముఖం కింద, మెడ దగ్గర ఆనించి నెమ్మదిగా నొక్కాడు... పక్కగదిలో కెవ్వుమన్న కేక! అక్క పరిగెత్తింది. బుజ్జి మెడ పట్టుకుని గిలగిల కొట్టుకుంటోంది!

"వదులు! వదిలెయ్యరా!"

అతను వేలు తీశాడు. గదిలో ఊపిరి మళ్లీ వినిపించింది.

"పలక పగిలితే ప్రాణం పోతుంది" అన్నాడు, బస్సు టైము చెప్పినంత మామూలుగా. "పలక మీద ముఖం పడినవాళ్లు గని సొత్తు. కుర్చీలో కూర్చున్నవాడు ఇచ్చేవాడు. మా తాత ఇచ్చినవాళ్లు ఇన్నాళ్లూ తవ్వి తవ్వి అలిసిపోయారు. గనికి కొత్త చేతులు కావాలి. నేను చెప్పేదాకా మూత పెట్టకూడదు. గుర్తుంచుకోండి!"

బల్ల మీద ఒక ముద్ద బంగారం పెట్టి వెళ్లాడు. దానికి ఇంకా తడి మట్టి అంటుకుని ఉంది. ఆమె దాన్ని వీధిలోకి విసిరికొట్టింది.

ఊళ్లోవాళ్లకు చెప్పి చూసింది. "ఊరికే ఫొటో తీస్తుంటే నీకెందుకే కడుపుమంట? గిరాకీ పోతుందనా?" అని మంగలి మామ నవ్వాడు. బేకరీ వదిన అయితే, "కొత్త బట్టలు కుట్టించానే, ఇప్పుడు మానెయ్యమంటావా!" అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఇంటికొచ్చి నానమ్మ ఒళ్లో తలపెట్టుకుని బావురుమంది. సంగతంతా విన్న నానమ్మ ఆమె జుట్టు వెనక్కి నిమిరింది. తర్వాత, "ఆ పెద్ద ఫొటోలో కుడివైపు చివర ఒకామె ఉంటుంది చూశావా?" అని అడిగింది.

చూడకేం! ఆ ఫొటోలో ముఖం లేని మనిషి ఆమె ఒక్కతే. మెడ మీద తెల్లటి పొగలా ఉంటుంది.

"మీ తాతమ్మే. మా అత్తగారు. మొండి అని పిలిచేవారు. పలక మీద ఫొటో పడాలంటే చాలాసేపు కదలకుండా నిలబడాలిగా, ఈవిడ నిలబడితేనా! మూత తీసిన దగ్గర్నుంచీ పెట్టేదాకా తల అడ్డంగా ఊపుతూనే ఉందట. ఫొటో చెడగొట్టావని అప్పటికప్పుడే పనిలోంచి గెంటేశారు. మిగతావాళ్లు సొరంగంలోకి వెళ్లారు..."

"ఎందుకు ఊపిందట నానమ్మా?"

"కదలొద్దన్నాడట. అందుకు!"

అక్క లేచి కూర్చుంది. కళ్లు తుడుచుకుని గోడకేసి చూసింది. కదిలినవాళ్లు పలక మీద పడరు! పడనివాళ్లను గని ముట్టుకోలేదు! మూత తీసి, గట్టిగా ఒక్క కేక వేస్తే చాలు, అందరూ కదులుతారు. అంత తేలిక! ఆమె ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది, పాపం.

మర్నాడు మధ్యాహ్నం... ఆకాశం మళ్లీ నల్లబడింది. తుప్పుపట్టిన రైలింజను పక్కన, సొరంగం ముందు, ఊరంతా బారులు తీరింది. ఎవరి తాతల చోట వాళ్లు! నానమ్మ పాత చీరలో బుజ్జి కుడివైపు చివర నిలబడింది, చూపులేని కళ్లతో. మధ్యలో కుర్చీలో పాత ఫొటోలాయన. ఒళ్లో తాతగారి టోపీ. నిలబడే ఓపిక లేని నానమ్మ మాత్రం కెమెరా పక్కన గొడుగు కింద చతికిలబడింది.

అక్క నల్లగుడ్డ కిందికి తల దూర్చింది. పాత కెమెరా వెనక గరుకు గాజు మీద బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. అది ఆమెకు అలవాటే. ఊరంతా తలకిందులుగా వేలాడుతోంది... కానీ వాళ్ల మధ్యలో... వాళ్ల వెనక... నిటారుగా నిలబడినవాళ్లున్నారు! మట్టి పూసుకున్న ముఖాలు! నోళ్లనిండా రాళ్లు! చేతుల్లో గునపాలు! అందరి కళ్లూ ఆమెనే చూస్తున్నాయి!

అయినా బయటికొచ్చి, లెన్సుకు మూత పెట్టి, గరుకు గాజు చోట పలక బిగించి, మూత తీసింది. తీస్తూనే గొంతు చించుకుని అరిచింది.

"కదలండి! అందరూ కదలండి! కదిలితేనే బతుకుతారు!"

ఒక్కరూ కదల్లేదు.

మంగలి మామ కళ్లు భయంతో గిరగిరా తిరుగుతున్నాయి... మెడ తిరగడం లేదు! బేకరీ వదిన చెంపల మీద కన్నీళ్లు కారుతున్నాయి... చెయ్యి లేవడం లేదు! స్తంభన! ఘోరమైన స్తంభన ప్రయోగం! లెన్సు ఎదురుగా ఉన్న ప్రతి శరీరాన్నీ నేలకు పాతేసింది. అప్పుడు కుర్చీలో కూర్చున్న ఆ మాంత్రికుడి ఒళ్లోని టోపీ దానంతటదే పక్కకు ఒరిగింది. దాని కింద... కపాలం! అతని తాత కపాలం! దాని దవడలు ఆడుతున్నాయి... బీజాక్షరాలు ఒక్కొక్కటే రాలుతున్నాయి! "హ్రీం... స్తంభయ... స్తంభయ... గ్రాహయ... గ్రాహయ!" సొరంగం లోపలి నుంచి ఏదో బరువుగా ఊపిరి తీసుకుంది.

అక్క చేతిలోని మూత వైపు చూసుకుంది. మూత పెడదామా? పెడితే పడిన ముఖాలన్నీ పలక మీద నిలిచిపోతాయి. చెల్లెలు ఎదురుగానే ఉంది, పది అడుగుల్లో. చేతులు చాచినా అందనంత దూరం!

సరిగ్గా అప్పుడు గొడుగు కింద నుంచి ఒక తిట్టు వినిపించింది.

"ఏమేవ్ బుజ్జీ! నీ తలకాయ రాయైపోయిందా? ఎవడో కదలొద్దంటే నిలబడిపోయావా, సిగ్గులేకుండా? మొండిదాని వంశంలోనే పుట్టావా నువ్వు?" నానమ్మ గొడుగు విసిరేసి లేచింది. "అత్తా! చూస్తావేం? నీ పిల్ల అక్కడ నీ చోట్లోనే నిలబడి ఉంది!"

ఫెళ్లుమని పిడుగు! రైలింజను ఒక్కసారి వణికింది.

బుజ్జి తల... నెమ్మదిగా... ఎడమకు తిరిగింది. కుడికి తిరిగింది. మళ్లీ ఎడమకు! ఆమె కళ్లలో చూపు వచ్చింది. అది బుజ్జి చూపు కాదు, తవ్వేవాళ్ల చూపూ కాదు... ఎవరికీ ఏనాడూ లొంగని ఓ ముసలి చూపు! ఏ పలకకూ చిక్కని ముఖాన్ని ఏ మంత్రం పట్టుకుంటుంది? ఆ మహాశక్తి తల అడ్డంగా ఊపుతుంటే స్తంభన పటపటా తెగింది. పక్కనున్న పిల్ల తల ఊపింది. మంగలి మామ ఊపాడు. బేకరీ వదిన ఏడుస్తూనే ఊపింది. ఒకరి తర్వాత ఒకరు... ఊరంతా!

కాదు! కాదు! కాదు!

కదలనివాడు ఇక ఒక్కడే. తన స్తంభనకు తనే కట్టుబడి, కుర్చీలో కొయ్యబారి ఉన్నాడు మాంత్రికుడు. బుజ్జి నింపాదిగా నడిచి వచ్చి, అతని కోటు జేబులోంచి తన పలక తీసుకుంది. చీరకొంగు ఉమ్మితో తడిపి, పసిపిల్ల మూతి తుడిచినట్టు, దాని మీది ముఖాన్ని తుడిచేసింది. వట్టి గాజు మిగిలింది. దాన్ని అతని ఒళ్లో పడేసి పక్కకు తప్పుకుంది.

అతని కళ్లు అక్క చేతిలోని మూతను చూసి బతిమాలుతున్నాయి. ఇంకాసేపు తెరిచి ఉంటే పలక మీద మిగిలేది అతని ముఖమొక్కటే!

"పెట్టమంటారా?" అంది అక్క. "మీరు చెప్పేదాకా పెట్టొద్దన్నారుగా! చెప్పండి మరి!"

కపాలం చివరి అక్షరం పలికింది. అతని స్తంభన కూడా వీడింది.

"మూ...!"

అంతవరకే! సొరంగం నుంచి గాలి విసిరికొట్టింది. "ఎవరిని ఇస్తున్నావు?" అని కపాలం నోట గని అడిగింది. "పలక మీద ఉన్నది ఒక్కడే... వాడే చాలు!" బొగ్గు లేని, నీళ్లు లేని ఇంజను కూత వేసింది! తుప్పు పట్టాల మీద ఒక ట్రాలీ దానంతటదే గడగడలాడుతూ వచ్చింది. మట్టిచేతులు అతన్ని కుర్చీతో సహా ఎత్తి అందులో వేశాయి. "నేను యజమానిని! యజమానిని రా!" అతని అరుపు సొరంగంలో చిన్నదైపోతూ... చిన్నదైపోతూ... కొండరాళ్లు దబదబా కూలి దారి మూసేశాయి!

అప్పుడు అక్క మూత పెట్టింది. తర్వాత చెల్లెల్ని కావలించుకుని, ఆ చీరంతా తడిసేలా ఏడ్చింది.

"అక్కా, నా చేతులు మండుతున్నాయే" అంది బుజ్జి, తన సొంత గొంతుతో.

మర్నాడు స్టేషన్ హాలు తలుపు తీస్తే, పెద్ద ఫొటోలో కూలీలెవరికీ ముఖాల్లేవు. ప్రతి మెడ మీదా తెల్లటి పొగ. వాళ్లూ తల ఊపేశారు! కుర్చీలో యజమాని కూడా లేడు. కుర్చీ మాత్రం ఉంది.

అక్క కొత్త పలకను కడిగి, ఆరబెట్టి, ఇంటికి తెచ్చి నానమ్మకు చూపించింది. సొరంగం, ఇంజను, పట్టాలు అద్దంలా పడ్డాయి. ఊరు మాత్రం తెల్లటి పొగ. సొరంగం గుమ్మంలో చిన్నగా ఒకే ఒక్క మనిషి... కోటు వేసుకుని... చేతిలో గునపంతో!

నానమ్మ కళ్లజోడు సవరించుకుని పలకను అటూ ఇటూ తిప్పింది.

"మన ఊరివాళ్లు ఒక్కళ్లయినా పడ్డారే?"

"ఒక్కళ్లు కూడా పడలేదు నానమ్మా."

"అయితే ఫొటో బాగా వచ్చినట్టే" అంది నానమ్మ.