బుల్లెట్‌కీ మొహమాటానికీ పోటీ

ఒడిశా రాయగడలో తాతాజీ గారి గ్యాస్ ఏజెన్సీకి నాగశ్రీ వచ్చిన రోజునే అక్కడి కంప్యూటర్ కుర్రాడు శ్రావణ్‌కుమార్ పొగరు సగం దిగిపోయింది.

తప్పు అతనిదే. తను తయారుచేసిన సాఫ్ట్‌వేర్ రోబోని చూపించి గొప్పలు పోయాడు. చేతులూ కాళ్లూ ఉన్న రోబో కాదు, కంప్యూటర్లో ఉండే ప్రోగ్రాం. బుకింగులు తనే చదువుతుంది, స్లిప్పులు తనే వేస్తుంది, ఏ వ్యాన్ ఏ వీధికి వెళ్లాలో డ్రైవర్లకి తనే మెసేజ్ పంపుతుంది. దానికి బుల్లెట్ అని పేరు పెట్టుకున్నాడు.

నాగశ్రీ కాసేపు చూసి, "ఇంట్లో మనుషులున్నారో లేరో అడగదేటి?" అంది.

"అడిగితే లేటైపోద్ది కదండీ."

"అడక్కుండా వెళ్తే తాళం కనిపిస్తాది కదండీ," అంటూ తన లాప్‌టాప్ తెరిచింది.

కొరాపుట్ బ్రాంచిలో పనిచేస్తూ ఆమె కూడా ఒక రోబోని తయారుచేసింది. అది ముందురోజు సాయంత్రమే ప్రతి ఇంటికీ మెసేజ్ పెట్టి, రేపు గ్యాస్ బండ తేవచ్చా అని అడుగుతుంది. సరేనంటేనే స్లిప్పు వేస్తుంది. శ్రావణ్ అప్పటికప్పుడు దానికి మొహమాటం అని పేరు పెట్టేశాడు. ఆమె నవ్వలేదు. నవ్వాపుకోవడానికి గబుక్కున కిటికీ వైపు తిరిగింది. కుర్రాడు అక్కడే పడిపోయాడు, పాపం.

రెండు ఊళ్ల ఏజెన్సీలూ తాతాజీ గారివే. రాయగడ బుకింగుల్ని రెండు రోబోలకీ చెరిసగం పంచి, నెలాఖరుకి ఏది బాగా పనిచేస్తే దాన్నే రెండుచోట్లా పెడతానన్నారు. గెలిచిన రోబోని చేసినవాళ్లకే కంప్యూటర్ విభాగం పెద్దరికం. ఏ రోజు ఎవరు ముందున్నారో తెలియడానికి గోడకి ఒక బోర్డు కూడా కొట్టించారు.

బుల్లెట్ దూసుకుపోయింది. అక్కడక్కడా తాళాలు తగిలినా బోర్డు మీద దానిదే పైచేయి. మొహమాటం మాత్రం జవాబుల కోసం ఎదురుచూస్తూ కూర్చునేది. శ్రావణ్ ఆమెని ఏడిపిస్తూనే, ఆమె డబ్బాలో రాగిపిండితో చేసిన చోడిరొట్టె మీద చెయ్యి వేసేవాడు. మీ బుల్లెట్‌కి అడక్కుండా పనిచేసే గుణం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసిందిలే అని ఆమె అనేది. మర్నాటి నుంచి రొట్టెలు ఎక్కువే తెచ్చింది.

అంతా బాగానే ఉందనుకుంటూ ఉండగా వ్యాన్ డ్రైవర్ బాబి ఒక వార్త మోసుకొచ్చాడు. ఈ పోటీలో ఓడిపోతే నాగశ్రీ భువనేశ్వర్‌లో ఏదో కంపెనీకి వెళ్లిపోతుందట. తాతాజీ గారికి ముందే చెప్పేసిందట. శ్రావణ్ ఆ రోజు రొట్టె ముట్టుకోలేదు. గెలిస్తే పెద్దరికం వస్తుంది, పిల్ల వెళ్లిపోతుంది. ఎంత ఆలోచించినా పెద్దరికం కన్నా పిల్లే కావాలనిపించింది. ఎవరికీ చెప్పకుండా బుల్లెట్ వేగం తగ్గించేశాడు.

నాగశ్రీ బుధవారం మధ్యాహ్నానికే కనిపెట్టేసింది.

"నా పని మీద నమ్మకం లేదేటి నీకు? నువ్వు ఓడిపోయి ఇచ్చిన కుర్చీలో నేను కూకోను. దాన్ని మునుపట్లాగే వదులు."

తిట్లు తింటూ కూడా 'మీరు' కాస్తా 'నువ్వు' అయిందని అతను గమనించాడు. నిజంగా సిగ్గూ పడ్డాడు. బుల్లెట్‌ని పూర్తి వేగంతో వదిలి ఇంటికి పోయాడు.

తెల్లారితే మార్గశిరంలో మొదటి లక్ష్మివారం, ఇంటింటా లక్ష్మీపూజ చేసుకునే గురువారం. పొగమంచులో బుల్లెట్ పంపిన వ్యాన్లన్నీ నిండా బండలతో వెళ్లి, దాదాపు నిండుగానే తిరిగొచ్చాయి. ఏ వీధిలో చూసినా గుమ్మాల్లో ముగ్గులు, పూజలు. ఖాళీ బండ ఇస్తేగానీ నిండు బండ దిగదు. ఆ రోజు ఇంట్లోంచి చిటికెడు ఉప్పయినా బయటకు ఇవ్వరు. ఒడియా వాళ్లూ అంతే, తెలుగు వాళ్లూ అంతే. శ్రావణ్‌కి ఆ పండగంటే పరమాన్నమే గుర్తు. మిగతాదంతా అతను నిద్రలేచేసరికే అయిపోయేది.

అందరికంటే ముందు ఫోన్ చేసింది వాళ్లమ్మే. "ఒరే, నీ యంత్రం మనింటికే బండి పంపింది. లచ్చిందేవి ఇంట్లో కూకునుంటే ఖాళీ బండ బయటికెలా ఇత్తానురా? పైగా మడిలో ఉన్న నన్ను బయటికి పిలిపించినావు."

మొహమాటానికి ఈ గొడవే లేదు. పూజలున్న ఇళ్లవాళ్లు శుక్రవారం రమ్మని ముందే జవాబిచ్చారు. అది వాళ్లని శుక్రవారానికి మార్చి, హోటళ్లకీ మెస్సులకీ బళ్లు పంపేసింది.

రోజంతా ఖాతాదారుల చీవాట్లు తిన్న తాతాజీ గారు నెలాఖరు దాకా ఆగలేదు. శుక్రవారం ఉదయమే బోర్డు పీకించి, రెండు ఊళ్లకీ మొహమాటమే అన్నారు. శ్రావణ్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఓడిపోయి ఇంత సంబరపడేవాణ్ణి ఎక్కడా చూడలేదని బాబి అన్నాడు.

సాయంత్రం నాగశ్రీ కొరాపుట్ రైలెక్కుతుంటే శ్రావణ్ స్టేషన్‌కి వెళ్లాడు.

"మరి భువనేశ్వర్?"

"ఎందుకెల్తాను, గెలిచేను కదా."

అతని మొహం వెలిగిపోయింది. ఆ ఊపులో, "ఆదివారం మా అమ్మని తీసుకుని మీ ఇంటికి వచ్చేస్తాను," అనేశాడు. ఆమె కనుబొమలెగరేసింది. అడగనేలేదని గుర్తొచ్చి అతను నాలిక్కరుచుకున్నాడు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం. రావచ్చా?"

"సాయంత్రం రండి. పొద్దున్న మా అమ్మకి మునిసిపాలిటీ డ్యూటీ. మిమ్మల్ని రమ్మంటావా అని నిన్ననే ఫోన్‌లో అమ్మని అడిగేసేను, సరేనంది."

"నన్ను అడక్కుండానే?"

రైలు కదిలింది. ఈసారి ఆమె మొహం తిప్పుకోలేదు, హాయిగా నవ్వేసింది.

"నువ్వు నాకోసం బుల్లెట్ వేగం తగ్గించిన రోజే నీ జవాబు నాకు తెలిసిపోయింది."