దోన్యా ఎదువీనా పేరు పెట్టిన పిట్ట

"ఆ డబ్బా మీరు ఆపుతారా, నన్ను ఆపమంటారా?"

విల్మార్ తలెత్తి చూశాడు. వెదురు పొదల పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా బురద, మెడలో బైనాక్యులర్, మొహం నిండా కోపం. వాన పడుతోంది. కాలీ నగరానికి పైన ఉన్న ఆ మబ్బుల అడవిలో వాన పడుతూనే ఉంటుంది, దాన్నెవరూ పట్టించుకోరు.

"ఇది డబ్బా కాదండీ, స్పీకరు. పిట్ట పాట వినిపిస్తే పిట్ట వస్తుంది. సైన్సు."

"నాకా సైన్సు చెప్తున్నారు? పొద్దుట్నించీ మీ సైన్సు దెబ్బకి నా పిట్టలు గూడు వదిలేసి, ఎవడో ఇంట్లోకి జొరబడ్డాడని పొదలన్నీ గాలిస్తున్నాయి. గూట్లో గుడ్లు చల్లారిపోతున్నాయి."

విల్మార్ స్పీకరు ఆపేశాడు. "మీ పిట్టలా?"

"కాళ్ళకి రంగు రింగులు తొడిగింది నేనే. మీరు వేసుంటే చెప్పండి, వెళ్ళిపోతా."

ఆమె పేరు యోలిమా. యూనివర్సిటీ పరిశోధన కోసం రెండేళ్ళుగా ఆ కొండ మీద ఒక రైతు ఇంట్లో అద్దెకుంటోంది. విల్మార్ మ్యూజియంలో పనిచేస్తాడు. ఇద్దరికీ కావలసింది ఒకే పిట్ట. దాన్ని అక్కడ కుకరాచేరో అంటారు, బొద్దింకల్ని ఏరుకు తింటుందని.

లోయలో ఉండే కుకరాచేరో పాట ఎక్కడా తెగకుండా గలగలా సాగిపోతుంది. ఈ కొండ మీద కిందటేడు విల్మార్ రికార్డు చేసిన పాట మాత్రం మధ్యమధ్య ఖాళీలతో తెగి తెగి ఉంది. చూడ్డానికి రెండు పిట్టలూ ఒకటే గోధుమ రంగు. అయినా పాట వేరైతే జాతి కూడా వేరు కావచ్చు. గుబురు పొదల్లో పిట్టలు తమవాళ్ళని గుర్తుపట్టేది చెవులతోనే కదా. అందుకని ఇది కొత్త జాతి అంటూ విల్మార్ పేపరు రాసి పంపేశాడు. ఇంకొక్క రికార్డింగు తెస్తే అచ్చు వేస్తామన్నారు పత్రికవాళ్ళు. కొత్త జాతికి పేరు పెట్టే హక్కు దాని గురించి మొదట రాసినవాడిది. విల్మార్ వాళ్ళమ్మ పేరు పెట్టాడు.

అసలు చిక్కు అక్కడే ఉంది. వాళ్ళమ్మని అందరూ దోన్యా ఎదువీనా అంటారు, ఎదువీనాగారు అన్నట్టు. ఆవిడ కాలీలో వీధి మలుపున ఎంపనాడాలనే కూర కజ్జికాయలు వేయించి అమ్మి అతన్ని చదివించింది. పిట్ట సంగతి వినగానే వీధంతా చాటింది. "బొద్దింకలు తినేదానికా నీ పేరు?" అని నవ్వింది ఎదురింటి దోన్యా రుబియేలా. "నీ పేరు ఆ బొద్దింకకైనా పెట్టారటే?" అంది దోన్యా ఎదువీనా. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆ సాయంత్రం రైతు వంటింట్లో, చీజ్ ముక్క వేసిన వేడి బెల్లం నీళ్ళు తాగుతూ, విల్మార్ తన పాత రికార్డింగు గొప్పగా వినిపించాడు. యోలిమా కప్పు కింద పెట్టింది.

"ఇదెక్కడిది?"

"వాగు పక్క పొదల్లోది. కిందటేడు వానలు మొదలైనప్పుడు. ఏం?"

"వీడు నా నీలం రింగువాడు. అప్పుడే వీడి పెళ్ళాన్ని పాము మింగింది." ఆమె గొంతు తగ్గింది. "ఇది పూర్తి పాట కాదండీ. ఒక ముక్క మగది పాడితే, తర్వాతి ముక్క ఆడది అందుకుంటుంది. వినేవాళ్ళకి ఒక్క పిట్టే పాడుతున్నట్టుంటుంది. పెళ్ళాం పోయాక వీడు తన ముక్కలే పాడుకుంటూ, ఆమె వంతు వచ్చినప్పుడల్లా ఆగేవాడు. మీకు దొరికింది ఆ పాట."

విల్మార్ ఒప్పుకోలేదు. వాదించాడు, గ్రాఫులు తీసి చూపించాడు. చివరికి యోలిమా, "రేపు ఒక్కసారి పెట్టండి, గూటికి దూరంగా. అదే చెప్తుంది," అంది.

మర్నాడు స్పీకరు నీలం రింగువాడి పాత పాట మొదలుపెట్టింది. మొదటి ఖాళీ వచ్చింది. పొదలోంచి వాడి కొత్త పెళ్ళాం ఆ ఖాళీలో తన ముక్క పాడింది. రెండోదాన్నీ నింపింది. స్పీకరూ పిట్టా కలిసి పాడిన పాట అచ్చం లోయ పాటే. కొత్త జాతి కాదు సరికదా, ఉపజాతి కూడా కాదు.

విల్మార్ తడి మట్టిలో చతికిలబడ్డాడు, ఆఖరి బస్సు తప్పిపోయినవాడిలా.

"నేనెవరికీ చెప్పను," అంది యోలిమా. "మీ పేపరు మీ ఇష్టం."

 అతను లేచి, సిగ్నలు దొరికే గట్టు మీదికి ఎక్కి, పత్రికవాళ్ళకి ఫోన్ చేసి పేపరు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పేశాడు. యోలిమా కింద నుంచి చూస్తూ నిలబడింది. అతను నచ్చింది ఆమెకి అప్పుడే. ఆ సంగతి చెప్పలేదు. అతను దిగి వచ్చాక, "మీ బూట్లలోకి నీళ్ళు పోయాయి," అంది.

విల్మార్ వెంటనే వెళ్ళాలి. వెళ్ళలేదు. గూడు చూసుకోవడానికి మనిషి కావాలని ఆమె అనలేదు, అతనే అనేసుకున్నాడు. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయేసరికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది.

"మీ అమ్మకి చెప్పావా?"

"సిగ్నలు లేదు."

"పేపరు వెనక్కి తీసుకున్నప్పుడున్న సిగ్నలు ఇప్పుడెటు పోయింది?"

"యోలిమా, నీకు మా అమ్మ తెలీదు. ఇది వింటే వీధిలో తలెత్తుకోలేదు."

"పిట్టని పోగొట్టింది నేను. పద, నేనూ వస్తా."

కాలీలోనూ వాన పడుతోంది. రేకు పందిరి కింద దోన్యా ఎదువీనా నూనె మూకుడు ముందు కూర్చుంది.

"అమ్మా, పిట్ట లేదు," అన్నాడు విల్మార్.

"లేదంటే? చచ్చిపోయిందా?"

"ఉంది. కానీ అది కొత్తది కాదు, పాతదే. నేను పొరబడ్డాను."

"ఎవరన్నారు?"

"నేనేనండీ," అంది యోలిమా.

దోన్యా ఎదువీనా చిల్లుల గరిటె పక్కన పెట్టింది. "నా కొడుకు తప్పు చేశాడంటావు."

"చేశాడండీ. వెంటనే ఒప్పుకున్నాడు కూడా. నోరు మూసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. మీ పేరు కోసం అతనెంత బాధపడ్డాడో నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాడు."

 ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"ఏం ఎదువీనా, వచ్చిందా నీ పిట్ట?"

వీధిలో మాటలు ఆగిపోయాయి. దోన్యా ఎదువీనా మొహం కందగడ్డయింది. కొడుకు వైపు కోపంగా చూసింది. వాడు గొడుగంతా ఆ పిల్ల మీదే పట్టి, తను పందిరి బయట నిలువునా తడుస్తున్నాడు. తడుస్తున్న సంగతి వాడికే తెలియదు. పెద్దావిడ కాసేపు అలాగే చూసింది.

"పిట్ట రాలేదే రుబియేలా!" అని అరిచింది. "కోడలొచ్చింది!"

"అమ్మా! నేనింకా తనని అడగనే లేదు!"

"అయితే అడుగు. రుబియేలా వింటోంది, నా పరువు తియ్యకు."

విల్మార్ యోలిమా వైపు తిరిగాడు. "నువ్వంటే నాకు చాలా ఇష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అన్నాడు. 

 యోలిమా గొడుగు కిందనుంచి బయటికొచ్చి, వానలో వీధి మధ్యకి నడిచి, ఎదురింటి కిటికీ వైపు తలెత్తింది.

"దోన్యా రుబియేలా! నిజమేనండీ, వచ్చాను!"