బాలీహౌరా కొండ మీద ఎర్ర సూది

అవసరమైతే తను చంపవలసిన మనిషి పేరు చెవినపడే సమయానికి త్రినాథ్ ఐర్లండ్‌లో లిమరిక్ శివార్లలోని తన ఇంటి పెరట్లో సైకిల్ కడుగుతున్నాడు.

"మళ్ళీ చెప్పండి సార్," అన్నాడు హోస్ పైపు గోడవైపు తిప్పి.

"దేవమణి." ఢిల్లీ నుంచి చీఫ్ కొండల్ రావు గొంతు. "ప్రతి ఆదివారం ఎవరి ఎనక సైకిల్ తొక్కుతున్నవో, ఆమెనే."

త్రినాథ్ పంపు కట్టేశాడు. ఊళ్ళో వాళ్ళకి అతను సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్. భార్య ఉమకి, యాభై దాటాక బురద పూసుకోవడంలో సుఖం కనిపెట్టిన పిచ్చిమారాజు. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకి మాత్రం అతను ఏజెంట్ టీ-సెవెన్. ఒకప్పుడు రెండో అంతస్తు నుంచి దూకి, కాఫీ తాగి, రైలెక్కిన మనిషి. ఇప్పుడు మెట్లు దిగాలన్నా ముందు రెయిలింగ్ ఎటుందో చూసుకుంటున్నాడు.

దేవమణి యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తోంది. సముద్రం అడుగున పరిచిన కేబుళ్ళ దగ్గరికి దొంగచాటుగా చేరే నౌకల్ని శబ్దాన్ని బట్టి పట్టేసే ప్రోగ్రాం ఆమెది. అందులో సగం ఇంకా ఆమె బుర్రలోనే ఉంది. ఆ బుర్ర మీద కన్నేసింది ఆంబర్ అనే విదేశీ ముఠా.

"ఈ ఆదివారం ట్రాక్ మీదనే ఎత్తుకపోతరు," అన్నాడు కొండల్ రావు. "ఆపరేటర్ పేరు లూకాస్. ఆశ్రిత చెప్పింది."

ఆశ్రిత ఆంబర్ లోపల మనవాళ్ళు పెట్టుకున్న మనిషి. ఆంబర్ వాళ్ళు కూడా ఆమెను మన లోపల పెట్టుకున్నామనే అనుకుంటున్నారని కొండల్ రావే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. త్రినాథ్‌కి అప్పుడూ నవ్వు రాలేదు.

"అయితే ఆ పిల్లని ఆదివారం రావద్దని చెప్తే సరిపోతుంది కదా సార్?"

"లూకాస్ దొరకాలె గద."

"అంటే ఎర?"

"నువ్వుంటవ్ గదా ఎనక. పార్సిల్ అందిందా?"

"అందింది. సైకిల్ షాకుల్లో గాలి కొట్టే పంపు. గాలి మాత్రం కొట్టడం లేదు."

"గాలి కొట్టనీకి గాదది. లోపల రెండు సూదులు, నొక్కితే తుపాకి లెక్క ఎగుర్తయ్. నీలంది లూకాస్‌కి. పొద్దుగూకేదాంక లేవడు."

"ఎర్రది?"

"ఆ పిల్ల వాళ్ళ చేతికి పోవద్దు త్రినాథ్. ఎట్లయినా సరే."

ఇలాంటి మాటలు విని విని త్రినాథ్‌కి కోపం కూడా రావడం మానేసింది. చెయ్యి మాత్రం సైకిల్ సీటు మీద ఉండిపోయింది.

ఆ సైకిల్ అతనికి డ్యూటీలో భాగంగా వచ్చింది. దేవమణికి స్నేహితులన్నా, ఆదివారాలన్నా కొండల్లో సైకిల్ తొక్కే క్లబ్బు వాళ్ళే కాబట్టి, ఆఫీసు విసుక్కుంటూనే 'సైకిలు ఒకటి' అని శాంక్షన్ చేసింది. అతను కొన్నది క్రాస్ కంట్రీ రేసులకి తొక్కే ఫుల్ సస్పెన్షన్ బైక్. కుదుపులు మింగడానికి ముందు ఫోర్క్‌లోనూ గాలే, వెనక షాక్‌లోనూ గాలే. మనిషి బరువెంతో కొలిచి రెండింట్లోనూ దానికి తగ్గ గాలి కొట్టాలి. డాక్టరు దగ్గర కూడా బరువు తగ్గించి చెప్పే త్రినాథ్, సైకిల్ దగ్గర మాత్రం నిజమే చెప్పాడు. చెప్పకపోతే అది రాళ్ళ మీద నిజం చెప్పించేది. మొదటి ఏడాది దాన్ని తిట్టుకున్నాడు. తర్వాత ఎక్కడో 'కిర్రు'మంటోందని బేరింగులు ఒక్కొక్కటే విప్పి రాత్రుళ్ళు దాని పక్కనే కూర్చోవడం మొదలుపెట్టాడు. ఈ ఉద్యోగంలో తనతో అబద్ధమాడనిది అదొక్కటే.

"ఇంకోటి," అన్నాడు కొండల్ రావు. "డేంజరయితే ఆశ్రిత ఇయర్‌పీస్‌ల కోడ్‌వర్డ్ చెప్తది. 'గ్రాండ్'. తెలుగు మాటల నడుమ ఎవలూ అనరని పెట్టినం."

"సార్, ఇది ఐర్లండ్. ఇక్కడ 'బాగుంది' అనడానికి అదే మాట, అది అనకుండా ఎవరూ తుమ్మను కూడా తుమ్మరు."

"అప్రూవ్ అయిపోయింది," అన్నాడు కొండల్ రావు. ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం పొద్దున బాలీహౌరా కార్‌పార్క్‌లో తుంపర పడుతోంది. కాఫీ బండి ఆవిడ చిల్లర ఇస్తూ గ్రాండ్ అంది, మూత పెడుతూ గ్రాండ్ అంది, వానని చూసి కూడా గ్రాండే అంది. అన్నప్పుడల్లా త్రినాథ్ గుండె ఒకసారి ఆగి మళ్ళీ కొట్టుకుంది.

"అంకుల్, ఏంటి మొహం అలా ఉంది? నిద్ర పట్టలేదా?" దేవమణి హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ వచ్చింది. కాకినాడ పిల్ల. మాటలు చకచకా రాలుతాయి. "మీరు పెట్టిన టైరు సూపరండీ. నిన్న తడి రాళ్ళ మీద అస్సలు జారలేదు."

"మోకాళ్ళమ్మా," అన్నాడు త్రినాథ్. పంపు నడుం సంచీలో బరువుగా తగిలింది. ఈ పిల్ల ఫ్రిజ్‌లో ఉమ పంపిన గోంగూర ఉంటుంది. ఆమె కళ్ళలోకి చూడలేక గేర్లు చూస్తున్నట్టు వంగాడు.

ఆశ్రిత చివరగా కారు దిగింది; దేవమణికి ఆమె తోటి సైకిలిస్టు మాత్రమే. బురదలోకి వచ్చిన మనిషిలా లేదు, పత్రిక అట్ట మీంచి దిగినట్టుంది. నల్ల జెర్సీ, ఎర్ర లిప్‌స్టిక్, ఒక్క మరకా లేని సైకిల్. దేవమణి అటు తిరిగినప్పుడు గొంతు తగ్గించింది.

"అంతా ప్లాన్ ప్రకారమే సార్. నేను ఆమె పక్కనే ఉంటా. లూకాస్ కనిపిస్తే చెప్తా. మీరు నిదానంగా రండి, తొందరేం లేదు."

తొందర లేదన్నందుకు అతనికి ఎంత హాయి అనిపించిందంటే, ఎందుకన్నదో ఆలోచించలేదు. అలసిపోయిన గూఢచారిని మోసం చెయ్యడానికి పెద్ద అబద్ధాలు అక్కర్లేదు.

కొండ ఎక్కడం మొదలైంది. హ్యాండిల్ మీది మీట నొక్కి షాక్‌లు బిగించి, త్రినాథ్ పళ్ళ బిగువున తొక్కాడు. ఆడవాళ్ళిద్దరూ మలుపు తిరిగి దేవదారు చెట్లలో కలిసిపోయారు. అతని తల ప్రాణం తోకకొచ్చేసరికి దారి రెండుగా చీలింది.

ఇయర్‌పీస్ గరగరలాడింది. "గ్రాండ్! గ్రాండ్! ఎడమ ట్రాక్ సార్, తొందరగా!"

త్రినాథ్ ఎడమకి తిప్పబోయి నేల చూశాడు. ఎడమ దారి బురద నున్నగా ఉంది. కుడి దారిలో టైరు అచ్చులున్నాయి, బాణం మొనల్లాంటి గుర్తులు వరసగా. అది తన చేత్తో తను దేవమణి వెనక చక్రానికి ఎక్కించిన టైరు. ఆ పక్కనే ఇంకా వెడల్పాటి టైరు అచ్చు ఒకటి. ఆశ్రిత చక్రాలది ఎక్కడా లేదు.

రెండు పడవల మీద కాళ్ళు పెట్టినామె చివరికి ఏ పడవలోకి దూకిందో అర్థమైంది. ఇయర్‌పీస్ పీకి జేబులో వేసుకుని కుడికి తిప్పాడు.

కొండ అంచున దారి పక్కన భారీ మనిషొకడు కాలు పట్టుకుని మూలుగుతున్నాడు. అతని సైకిల్ గొలుసు ఊడదీసి పక్కన పడేసి ఉంది. దేవమణి తన సైకిల్ చెట్టుకి ఆనించి, సాయం చెయ్యడానికి వంగింది. మరుక్షణం ఆ మనిషి మూలగడం మానేసి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

త్రినాథ్ సైకిల్ వదిలేసి పంపు తీశాడు. చెయ్యి వణికింది. నీలం సూది లూకాస్ వీపున ఉన్న నీళ్ళ సంచీలో దిగబడింది. నిద్రమందంతా మంచినీళ్ళలో కలిసింది. ఇక మిగిలినవి పాత పద్ధతులే. మీద పడి రెండు చేతులా లూకాస్ మెడ చుట్టేశాడు.

"పో దేవమణీ! కిందికి పో!"

ఆమె చెయ్యి విడిపించుకుని సైకిలెక్కి వాలులోకి దూకింది. లూకాస్ మోచేత్తో పొడిచిన పోటుకి త్రినాథ్ తుప్పల్లో పడ్డాడు. గొలుసు లేని తన సైకిల్ వైపు లూకాస్ చూడనైనా చూడలేదు. త్రినాథ్ వదిలేసిన సైకిలే ఎక్కి ఆమె వెంట పడ్డాడు.

పైకి లేవబోయిన త్రినాథ్‌కి లోయలోంచి ఇంజన్ శబ్దం వినిపించింది. కింద అడవి రోడ్డు మీద తెల్ల వ్యాన్. తలుపు తీసి ఉంది. స్టీరింగ్ ముందు నల్ల జెర్సీ.

'కిందికి పో' అన్నది తనే. తన నోటితోనే ఆ పిల్లని బోనులోకి తోలాడు.

దారి అతని కాళ్ళ కిందనే పెద్ద మెలిక తిరిగి వెనక్కి వస్తుంది. దేవమణి ఇప్పుడు సరిగ్గా అతని కింద నుంచి వెళ్తుంది. అది దాటితే ఒక్క మలుపు, ఆపైన వ్యాన్. ఆమె వెనక చెయ్యి చాస్తే అందేంత దూరంలో లూకాస్. అతని వీపు చెట్ల చాటున పడుతోంది. ఆమె మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది.

ఎర్ర సూది పంపులో సిద్ధంగా ఉంది. త్రినాథ్ బోర్లా పడుకుని గురి చూశాడు. చెయ్యి ఈసారి వణకలేదు. అందుకే అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. ముప్ఫై ఏళ్ళు ఎవరో ఎక్కడో కూర్చుని అన్న 'ఎట్లయినా'కి చెయ్యి ఇలా తర్ఫీదయింది. బురద మొహంతో, నాలుక పంటికింద నొక్కిపెట్టి, పరీక్ష రాస్తున్న పిల్లలా ఆమె వస్తోంది. వేలు బిగిసింది. కానీ కదిలింది నోరు.

"ఆగు తల్లీ! బ్రేకెయ్! వ్యాన్‌లో వాళ్ళున్నారు!"

తెలుగు అర్థమైంది ఆమెకొక్కదానికే. రెండు బ్రేకులూ సమంగా నొక్కి, బరువు వెనక్కి వేసి, తడి రాళ్ళ మీద నిలువునా ఆగిపోయింది.

ఆమెను గుద్దుకోకుండా లూకాస్ కూడా బ్రేక్ నొక్కాడు. అలవాటు కొద్దీ కుడి చేత్తో. అతని దేశంలో కుడిచేతి కింద ఉండేది వెనక బ్రేక్. ఐర్లండ్‌లోనూ, మన ఇండియాలోనూ కుడి అంటే ముందు బ్రేక్. పైగా ఆ ఫోర్క్‌లో గాలి త్రినాథ్ బరువుకి కొట్టింది, ఈ పర్వతానికి కాదు. ముందు చక్రం బిగుసుకుపోయింది, ఫోర్క్ మొదలంటా కుంగిపోయింది, లూకాస్ హ్యాండిల్ మీదుగా ఎగిరి దేవమణి పక్కనుంచే వెళ్ళి బండరాళ్ళలో పడ్డాడు. మళ్ళీ లేవలేకపోయాడు.

వెనకాల వస్తున్న క్లబ్బు జనం కేకలు విని పరుగున వచ్చారు. ఒక పెద్దాయన లూకాస్ భుజం తడిమి, విరిగింది కాలర్ బోనేలే, గ్రాండ్ అని తేల్చి, ఆదుర్దాగా సైకిల్‌కి ఏమైందని అడిగాడు. అంతమందిని చూసి వ్యాన్ వెనక్కి తిప్పబోయిన ఆశ్రిత రోడ్డు పక్క కాలవలో చక్రం దించేసింది. పోలీసులు వచ్చేసరికి ఆమె అద్దంలో చూసుకుంటూ లిప్‌స్టిక్ సరిచేసుకుంటోంది. తను ఎవరి మనిషో ముందుగా ఎవరికి చెప్పాలో తేల్చుకోవడానికి ఆమెకి ఆ కాస్త టైము కావలసి వచ్చి ఉంటుంది.

ఫోన్ మోగింది.

"లూకాస్?" అన్నాడు కొండల్ రావు.

"దొరికాడు."

"ఆ పిల్ల?"

"క్షేమం."

"ఎర్ర సూది?"

"మిగిలింది సార్."

"మంచిది. స్టోర్స్‌కి రిటర్న్ కొట్టు. ఇండెంట్ నంబరెయ్యి, మర్చిపోకు."

త్రినాథ్ కుంటుకుంటూ కింది మలుపుకి దిగాడు. దేవమణి అక్కడే నిలబడి ఉంది. సైకిల్ దిగలేదు.

"అంకుల్."

"ఏమ్మా."

"మీరు అరిచినప్పుడు పైకి చూశాను. మీ చేతిలో పంపుంది." గొంతు చాలా మామూలుగా ఉంది. "అది వాడి వైపు లేదు."

అబద్ధాలు త్రినాథ్ దగ్గర వరసగా ఉన్నాయి. మంచివి, వాడినవి, అతుకు కనపడనివి. ఒక్కటి తీసి చెప్పడానికి కూడా ఓపిక లేకపోయింది.

"ఆర్డర్," అన్నాడు.

"కొట్టేసేవారా?"

"కొట్టలేదు కదమ్మా."

"అది కాదండీ నేనడిగింది."

తుంపర కాస్తా వానైంది. "తెలీదు," అన్నాడు చివరికి. "నోరు ముందు కదిలింది. దేవుడి దయ."

దేవమణి అతని వైపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె తన సైకిల్ దిగి, వంగి అతని సైకిల్ లేపింది. ముందు చక్రం కొంచెం వంకర పోయింది. ఊచలు నొక్కి చూసి, తిప్పి చూసి, అతనికి అందించింది.

"కార్‌పార్క్ దాకా వస్తుంది," అంది. "మీరు ముందు వెళ్ళండి అంకుల్. నేను వెనక వస్తాను."

త్రినాథ్ ఎక్కాడు. ప్రతి చుట్టుకీ చక్రం ఒకచోట బ్రేక్‌కి రాసుకుంటోంది. వెనక ఆమె టైరు చప్పుడు, దగ్గరగా రాకుండా, దూరమూ కాకుండా, వస్తూనే ఉంది. ఒకసారి తిరిగి చూడాలనిపించి మానుకున్నాడు. ఇన్నేళ్ళూ అనుమానించడం అతని ఉద్యోగం. ఇప్పుడు ఆ డ్యూటీ చేతులు మారింది.