భరణి బండి మూగబోయిన సాయంత్రం

పేరు భరణి. వాడి బండి శబ్దం మాత్రం ఎవరూ భరించలేనిది.

హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం, డెంకణికోటలో ఇల్లు. ఆ రెంటికీ మధ్య తిరిగే పాత బైకుకు కంపెనీ సైలెన్సరు పీకేసి, బజారులో మెరిసేది ఒకటి కొని బిగించాడు. పేరుకది సైలెన్సరు, పనికి వయొలెన్సరు. ఏటవాలు దిగుతూ ఆక్సిలరేటరు వదిలితే చాలు, పటపటపట పేలేది.

కార్తీకమాసం. డెంకణికోటకు ముందు, అడవి అంచున, రాగి చేల మధ్య దిగుడు. పొద్దు గూకింది. మంచు నేలకు దిగి, రోడ్డును సగం మింగేసింది. ఆ మిగిలిన సగంలో నల్ల కంబళి కప్పుకొని ఒక ఆకారం నిలబడి ఉంది.

భరణి బ్రేకు పట్టాడు. ముందు ముఖం చూడలేదు, పాదాలు చూశాడు. ముందుకే తిరిగి ఉన్నాయి, రబ్బరు చెప్పులు కూడా ఉన్నాయి. దయ్యాలు చెప్పులేసుకోవని ధైర్యం తెచ్చుకున్నాడు.

"ఏమప్పా, ఇది బండినా, బాణసంచా అంగడా?"

కంబళి జారింది. పెద్ద కళ్ళు, మెడకు ఎర్ర ఉన్ని మఫ్లరు. ఆమె మఫ్లరు చలినైనా ఆపుతోంది, వాడి బండి మఫ్లరు, అదే ఆ సైలెన్సరు, దేన్నీ ఆపడం లేదు.

"కొత్త సైలెన్సరమ్మా."

"కొత్తదా? ఓటిదనుకుంటి. యాల అట్ల పేలతాది?"

"అది స్టైలు."

"నీ స్టైలుకి మా ఈనిన ఆవు దినామూ తాడు తెంచుకోని పోతావుండాది. పట్టుకొస్తావా?"

"పేరు చెప్తే పట్టుకొస్తాను."

"గౌరి."

"బాగుండాది. నీకు సరిపోయింది."

"అది ఆవు పేరు. నా పేరు నేత్ర."

భరణి నవ్వబోయాడు. అంతలో వెదురు పొదల్లో ఏదో విరిగింది. పెటుక్. ఒక్కసారే. తర్వాత కీచురాళ్ళు కూడా నోరెత్తలేదు. అక్కడ ఎవరో నిలబడి, వీళ్ళ మాటలు అయిపోయేదాకా ఊపిరి బిగబట్టినట్టుంది.

"ఎవరు ఆడ?"

"పెద్దోళ్ళు" అంది నేత్ర, గొంతు తగ్గించి. "చీకటి పడినాక పేరు తీయకూడదు."

అడవి అంచు ఊళ్ళలో ఏనుగును ఏనుగు అనరు.

"ఈ నెలంతా మా చేనులో కాలు పెట్టలేదు. మా నాయన మునీశ్వరునికి కోడిని మొక్కినాడు, ఆయనే కాపాడతావుండాడు. దినామూ మంచె మీదికి సంగటి తీసుకోని ఈ రోడ్డు దాటి పోతాను, ఏ భయమూ లేదు. నీ గలాటా ఒకటే."

"రేపు సాయంత్రానికి గలాటా ఉండదు" అని భరణి మాటిచ్చాడు. ఆ కళ్ళ ముందు వాడు బైకునే ఇచ్చేసేవాడు.

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి, హోసూరులో మెకానిక్ అశ్వత్థప్ప ముందు కూర్చున్నాడు. అశ్వత్థప్ప స్పార్క్ ప్లగ్గు ఊడదీశాడు. కొన ఎముకలా తెల్లగా ఉంది.

"చూస్తివా? సైలెన్సరు గాలిని ధారాళంగా వదలతాది, కార్బురేటరు పాత కొలతకే పెట్రోలు పోస్తాది. ఇంజనుకు ఆకలప్పా. ఆ ఆకలే పటపటమనేది."

"తిండి పెట్టు మరి."

అశ్వత్థప్ప కార్బురేటరు గిన్నె విప్పి, సూది బెజ్జమంత రంధ్రం ఉన్న ఇత్తడి జెట్టు తీసేసి, అంతకంటే కొంచెం పెద్దది బిగించాడు. బండి గొంతు ఇంకా తగ్గాలని సైలెన్సరు లోపలికి సన్న గొట్టం ఒకటి దూర్చాడు. ఒక చుట్టు తిరిగొచ్చి చూస్తే ప్లగ్గు కాఫీ రంగుకు వచ్చింది.

"ఇంత నిమ్మళం ఎవరి కోసరమప్పా?"

భరణి చెవులు ఎర్రబడ్డాయి. జెట్టు మారింది, ఇక జట్టు కుదరడమే తరువాయి.

సాయంత్రం. అదే దిగుడు. బండి పిల్లిలా గురగురమంటోంది. ఇన్నాళ్ళూ తన శబ్దం తప్ప ఏమీ వినని భరణికి మొదటిసారి ఆ రోడ్డు వినిపించింది. వినిపించింది అనడం తప్పు. అక్కడ ఏ శబ్దమూ లేదు. కుక్కలు లేవు. పురుగులు లేవు. గాలి లేదు, అయినా కుడివైపు రాగి చేను కదులుతోంది.

రోడ్డు మీద పేడ. ఇంకా ఆవిరి వస్తోంది.

మంచులో ఎదుట ఒక గోడ కనిపించింది. నిన్న అక్కడ గోడ లేదు. గోడకు చెవులున్నాయని విన్నాడుగాని, అవి విసనకర్రల్లా ఊగుతాయని వినలేదు.

ఆ గోడకు అవతల, పది అడుగుల్లో, ఎర్ర మఫ్లరు. చేతిలో క్యారియర్. నేత్ర ఆగిపోయి ఉంది. ఏనుగు ఆమె వైపే తిరిగి, మెల్లగా తొండం ఎత్తింది.

భరణి హారన్ నొక్కాడు. కీచుమంది. ఏనుగు ఆమె వైపు ఒక అడుగు వేసింది.

పేలితే బాగుండు! పేలకుండా తానే చేయించాడు.

అప్పుడు గుర్తొచ్చింది, హోసూరు బస్టాండు దగ్గర కుర్రాళ్ళు జనాన్ని అదరగొట్టడానికి చేసే వెధవ పని. బండిని గేరులోనే దిగుడులోకి వదిలాడు. నేరుగా ఆ నల్లటి గోడ మీదికి. తాళం తిప్పి ఇంజను ఆపి, ఆక్సిలరేటరు పూర్తిగా తిప్పాడు. కాలని పెట్రోలంతా వేడి సైలెన్సరులోకి పోతోంది, అదీ పెద్ద జెట్టు పోసే పెట్రోలు. చావు వాసనలా పచ్చి పెట్రోలు వాసన.

తాళం మళ్ళీ తిప్పాడు.

ఢామ్!

లోపలి గొట్టం ఊడి, నిప్పుతో సహా రాగి చేలో పడింది. ఏనుగు ఘీంకరించి, అంత శరీరాన్నీ ఒక్కసారి తిప్పుకొని వెదుర్లలోకి పోయింది. దాని వెనకే, అప్పటిదాకా కనిపించనివి, ఇంకా మూడు. ఒకదాని కాళ్ళ మధ్య పిల్ల.

నేత్ర క్యారియర్ జారవిడిచింది. పరుగున వచ్చి భరణి చొక్కా పట్టుకుంది.

"యాల శబ్దం లేకుండా వచ్చినావు? నువ్వు ఇంకా దూరంగా ఉండావు, అంతలో రోడ్డు దాటదామని బయలుదేరినాను!"

"నువ్వే గదా ఆపమంటివి. నువ్వు మెచ్చుకుంటావని..."

"మెచ్చుకునేదానికి నేను బతికి ఉండొద్దా?" తిట్టింది. చొక్కా మాత్రం వదల్లేదు.

మంచె దిగి వాళ్ళ నాయన మాదప్ప పరిగెత్తుకొచ్చాడు. బిడ్డను తడిమి చూసుకున్నాడు. వాసన పీల్చాడు, బండిని చూశాడు.

"దినామూ ఈ పొద్దుకే పేలేది నీ బండినా?" అన్నాడు. "నేను మునీశ్వరుడనుకోని కోడిని కోస్తినే!"

"తప్పైంది మామా."

నోరు జారి 'మామా' అన్నాడో, జారనిచ్చి అన్నాడో భరణికే తెలియదు. మాదప్ప ఒక క్షణం వాణ్ణి ఎగాదిగా చూశాడు.

"రాగులు కోసేదాకా దినామూ ఈ పొద్దుకి వచ్చి, మా పిల్లకు తోడుండప్పా."

"వస్తాను. కోతైనాక?"

 జవాబు చెప్పింది నేత్ర.

"కోత మాట మా నాయన చెప్పినాడు" అంది, చొక్కా ఇంకా వదలకుండా. "నేను చెప్పలేదు."

వెదుర్ల లోపల నుంచి, చెవికి కాక గుండెకు తగిలే ఒక లోతైన గుర్రు వచ్చింది.  మాదప్ప టార్చి వేసి అడవి వైపు తిప్పాడు. కొమ్మలు కదలడం ఎప్పుడో ఆగిపోయింది. అయినా ఆయన ఆ ఇద్దరి వైపు తిరగకుండా, చాలాసేపు, అటే వెలుతురు పట్టుకొని నిలబడ్డాడు.