బల్ల మీది దీవి

"అక్కడ నన్ను చంపుతారు. సెలవులని తీసుకెళ్ళి ఎవరో నన్ను చంపేస్తారండీ," అంది ఆవిడ, కూర్చోమన్న కుర్చీని పట్టుకుని నిలబడే.

మాజీగారు తలెత్తి చూశాడు. తలుపు మీద ప్రైవేటు డిటెక్టివు అనే రాసుంటుంది గానీ వీధి మొత్తానికి ఆయన మాజీగారే. పోలీసు ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. లంచం తిన్నందుకు పోలేదు ఆ ఉద్యోగం. తిన్న పై అధికారి పేరు పదిమందిలో చెప్పినందుకు పోయింది. ఆయన సహాయకురాలిని టపాకాయ అంటారు. నోట్లో మాట ఆగదు. అలాంటి టపాకాయ కూడా ఆ మాటకి వాగుడు ఆపి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"మా ఆయన నమూనాలు చేస్తారు. కట్టబోయే భవనాన్ని ప్లాస్టరుతో ముందే చిన్నగా చేసి చూపిస్తారే, ఆ పని. వర్క్‌షాపు మా నాన్నది. ఈయనకి పని నేర్పిందీ నాన్నే. ఇప్పుడది నా పేరు మీద ఉంది. అమ్మేద్దామంటారు, నేను ఒప్పుకోను. ఏడాదిగా ఇదే గొడవ. ఉన్నట్టుండి మనిషి మెత్తబడ్డారు. అందరం దీవికెళ్ళి హాయిగా ఉండొద్దాం అన్నారు."

"మంచిదేగా?"

"దాని నమూనా చేసి భోజనాల బల్ల మీద పెట్టారండీ. దీవి చుట్టూ పగడాల దిబ్బ గోడలా ఉంటుందట. లోపల చెరువులా కదలని నీళ్ళట, దాన్ని లగూన్ అంటారట. మోకాళ్ళ లోతేనట. నాకు ఈత రాదు. అయినా భయం లేదు, దిగొచ్చు అన్నారు. ఎవరెక్కడ ఉండాలో చూసుకుందామని ఇంట్లో నలుగురికీ వేలెడంత బొమ్మలు పెట్టారు." ఆవిడ ఓ గుక్క నీళ్ళు తాగింది. "రోజూ పొద్దున నా బొమ్మ నీళ్ళ మీద బోర్లా పడుంటోంది. తీసి ఇసుకలో నిలబెడతాను. తెల్లారేసరికి మళ్ళీ అక్కడే, అదే చోట."

"ఇంట్లో ఎవరెవరు?"

"ఆయన, నేను, మా ఆడపడుచు, అత్తగారు. ఆవిడకి పక్షవాతం. కుడిపక్క కదలదు, మాట లేదు, చక్రాల కుర్చీయే. ఆడపడుచుకే నేనంటే పడదు."

"ఆయనకి చెప్పారా?"

"నీకు పిచ్చి పట్టింది, దీవి గాలికి తగ్గుతుంది అన్నారు. రేపే ప్రయాణం."

భయపడ్డ ఆడదానికి ఈ లోకం ఎప్పుడూ ఇచ్చే మందు అదే. వినడానికి ఓపిక ఉండదు, పిచ్చి అనేస్తే పని తీరిపోతుంది. మాజీగారు అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు.

ఆ ఇంట్లో భోజనాల బల్లని దాదాపు మొత్తం దీవే ఆక్రమించింది. నిజం ఇసుక, తాటాకు కప్పు కుటీరాలు, గాజులా మెరిసే నీళ్ళు, వాటి చుట్టూ తెల్లటి దిబ్బ. ఎంత అందంగా ఉందంటే టపాకాయకి ఒక్క క్షణం తనూ సెలవు పెట్టాలనిపించింది. మరుక్షణం కిటికీ వైపు అంచున ఆ బొమ్మ కనిపించింది. పసుప్పచ్చ చీర, జుట్టు విరబోసుకుని, మొహం నీళ్ళలోకి. మిగతా మూడు బొమ్మలూ అవతలి ఒడ్డున నవ్వుతూ నిలబడ్డాయి.

బొమ్మ తల దగ్గర దిబ్బ మీద గీతలు పడి ప్లాస్టరు పొడి రాలి ఉంది.

"ఎలకలు," అన్నాడు భర్త. మర్యాదస్తుడు, నున్నటి గొంతు. "మా ఆవిడ మిమ్మల్ని అనవసరంగా శ్రమ పెట్టింది."

"శ్రమేముందండీ, ఇంత పనితనం చూశాను. నీళ్ళెలా చేస్తారు?"

ఆయన మొహం వెలిగింది. "ముందు అడుగుకి రంగేస్తాం. లోతు పెరిగేకొద్దీ నీలం ముదురు. అది ఆరాక పైన రెజిన్ పోస్తాం, గడ్డకట్టి గాజులా అవుతుంది. దిబ్బలూ చెట్లూ ఆ తర్వాతే."

"అడుగు ఎవరికి కనిపిస్తుంది లెండి, ఏదో ఒక రంగు పూసేయొచ్చుగా?"

"మా మామగారు మొట్టి మొట్టి నేర్పారండీ. అడుగు తప్పుగా వేయడం నా చేతికి రాదు."

ఆడపడుచు వంటింటి గుమ్మంలోంచే అంది. "బొమ్మలతో ఆడుకునే వయసు నాకెప్పుడో దాటిపోయింది. పొద్దున్నే లేచి అమ్మకి మొహం కడిగి, ఈ కిటికీ దగ్గర కూర్చోబెట్టి టీ పెట్టేసరికే నా నడుం విరుగుతుంది. వదినగారు లేచేది ఆ తర్వాత. అడగండి, కాదనమనండి!"

"కాదనలేదులే," అంది ఆవిడ నీరసంగా.

అత్తగారు కిటికీ దగ్గరే ఉంది. వంకరపోయిన పెదవులు, కదలని కుడిచెయ్యి, ఒళ్ళో ఎడమచెయ్యి. టపాకాయ నమస్కారం పెట్టింది. ముసలావిడ కళ్ళు ఆమెని వదల్లేదు. ఆ చూపు తన గొంతు పట్టుకుని లాగుతున్నట్టనిపించింది టపాకాయకి. ఎడమచేతి గోళ్ళలో తెల్లగా ఏదో ఇరుక్కుని ఉంది.

మాజీగారు టపాకాయని పక్కకి పిలిచి, "టిక్కెట్లు కొన్న ట్రావెల్స్ వాళ్ళకి ఫోన్ చెయ్యి. ఒక్కటే అడుగు. ఆ దిబ్బకి ఎక్కడైనా గండి ఉందా?" అన్నాడు.

వసారాలోకి వెళ్ళి ఫోన్ చేసొచ్చిన టపాకాయ, జీవితంలో మొదటిసారి, మాట తడబడుతూ ఆయన చెవిలో చెప్పింది. ఆయన అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు.

"బొమ్మని పడేసిన మనిషి ఎవరో మొదట చెప్తాను. బొమ్మ ఎప్పుడూ కిటికీ వైపే పడింది. అవతలి బొమ్మల జోలికి ఎవరూ పోలేదు. ఎందుకు? చెయ్యి అందదు గనక. కూర్చున్న మనిషి, ఎడమచెయ్యి ఒక్కటే ఆడే మనిషి. దిబ్బని గోకింది ఎలకలు కావు. పెద్దావిడ గోళ్ళు చూడండి, ప్లాస్టరు ఉంది."

"అత్తయ్యా, మీరా?" ఆవిడ లేచి నిలబడింది. "నేను మీకేం చేశానని?"

"కూర్చోమ్మా. నీ చావు కోరి కాదు, నిన్ను బతికించుకోడానికే పాపం ఆ ఒక్క చేత్తో అరిచింది. ఎందుకు అక్కడే పడేసింది, ఎందుకు అక్కడే గోకింది? ఇదిగో చూడు."

జేబులోంచి టార్చి తీసి నమూనా పక్కనుంచి రెజిన్‌లోకి వెలుతురు కొట్టాడు. అందరూ వంగారు. లగూన్ అంతా లేత నీలం. ఆ బొమ్మ కింద మాత్రం నల్లగా కమిలినట్టు ఒక ముదురు చార. అది ఒడ్డు దగ్గర మొదలై, తెల్ల దిబ్బ కిందుగా దూరి, సముద్రంలోకి పోయింది.

"గోడ కింద ఏరు! అక్కడ గండి ఉంది. ఆటు సమయంలో లోపలి నీళ్ళన్నీ అందులోంచి పరిగెడతాయి, ఈతగాడిని కూడా ఈడ్చుకుపోతాయి. అడుగుకి రంగేసేటప్పుడు చెయ్యి అబద్ధం ఆడలేకపోయింది, ఉన్నది ఉన్నట్టు వేసింది. ఆ తర్వాత బుర్ర పని చేసింది. గండి మీద ప్లాస్టరు పెట్టి పూడ్చేశారు, ఈవిడ ధైర్యంగా దిగాలని. ట్రావెల్స్‌వాడు హెచ్చరిస్తే ఇంట్లో అందరికీ చెప్తానన్నారట, ఇప్పుడే ఫోన్లో వాడే చెప్పాడు. చెప్పారా?"

"నాకు చెప్పలేదు," అంది ఆడపడుచు. ఆమె గొంతులో వెటకారం మాయమైంది. "అన్నయ్యా, కుటీరం ఆ పక్కనే కావాలని పట్టుబట్టింది నువ్వేగా?"

"రంగు చూసి నన్ను హంతకుణ్ణి చేస్తారా?" భర్త నవ్వబోయాడు.

"పూడ్చడం మీ అమ్మ చూసింది. ట్రావెల్స్‌వాడితో ఫోన్లో మాట్లాడుతుంటే వినే ఉంటుంది. మాట పడిపోయిందిగా అని ఆవిడని గోడతో సమానంగా చూశారు."

ముసలావిడ కళ్ళలోంచి నీళ్ళు జారాయి. మెల్లగా తలూపింది.

"పోలీసులు రారమ్మా," అన్నాడు మాజీగారు కోడలితో. "శవం తేలేదాకా వాళ్ళకి నేరం కనపడదు. వాళ్ళతో పనిచేసినవాణ్ణి, నాకు తెలుసు. తేల్చుకోవలసింది నువ్వే."

ఆవిడ తన బొమ్మని తీసి ఇసుకలో నిలబెట్టింది. "ఇల్లూ నాన్నదే," అంది. "మీరు వెళ్ళిపోండి. ఇప్పుడే."

భర్త చెల్లెలి వైపు చూశాడు. ఆమె మొహం తిప్పుకుంది. అప్పుడు తల్లి కుర్చీ వెనక్కి వెళ్ళి, పిడులు పట్టుకుని, "పదమ్మా, మనకీ ఇంట్లో ఏం పని?" అని తోశాడు.

కుర్చీ కదల్లేదు. ముసలావిడ ఎడమచెయ్యి చక్రం బ్రేకు మీద ఉంది. ఆయన మళ్ళీ తోశాడు. ఆవిడ బ్రేకుని ఇంకాస్త గట్టిగా నొక్కింది.