అడ్డం తిప్పని కాగితం

టైగ్రిస్ నది పొంగి కింది వంతెన కొట్టుకుపోయిన మరుసటి ఏడు. బాగ్దాదు.

పొద్దున్నే సబ్రీషోకి కబురొచ్చింది. పైకి అతను క్రైస్తవ వైద్యుడు, గ్రీకు వైద్య గ్రంథాలను అరబ్బీలోకి మారుస్తాడు. లోపల టపా శాఖ ఏజెంటు. ఖలీఫా ఉత్తరాలు మోసే శాఖే రహస్యాలూ మోస్తుంది.

టపా అధికారి నుసైర్ కూర్చోమనలేదు.

"నీ అనువాదశాలలో రూమ్ గూఢచారి, ఆ గ్రీకు చక్రవర్తి మనిషి, దూరాడు. కొత్తగా చేరిన ముగ్గురు లేఖకుల్లో ఒకడు."

"ఏం చేశాడు?"

"తెలీదు. మధ్యాహ్నం మన సేనాని రూమ్ మీదికి బయలుదేరతాడు. ఈలోగా వాణ్ణి పట్టుకో. సేనానికేమైనా అయితే మొదట నీ తల తెగుతుంది."

"అందుకే తలపాగా గట్టిగా చుట్టుకొచ్చాను, హుజూర్."

పుస్తకాల వీధిలో థియోడోటీ కాటుక కళ్లతో ఎదురుచూస్తోంది. గ్రీకు పుస్తకాలు అమ్ముతుంది. రూమ్‌కీ బాగ్దాదుకీ, రెండు వైపులా వార్తలు చేరవేస్తుంది.

"దానిమ్మలు పుల్లగా ఉన్నాయా?"

"తియ్యనివి రూమ్‌కి పంపేశాను." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "మనిషిని చూడలేదు హకీమ్ గారూ. నిసిబిస్‌లోని సిరియాక్ క్రైస్తవుల బడిలో చదివానని అబద్ధం చెప్పి చేరాడు. అంతే తెలుసు."

ముగ్గురూ చెప్పింది నిసిబిసే.

సబ్రీషో ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టాడు. ఉపవాస దీక్షంటూ ఇన్నాళ్లూ తలుపేసుకుని రాసిన మరూతా కూడా వచ్చాడు.

"సిరియాక్‌లో రాయండి. జ్వరం మూడు రకాలు..."

ఇద్దరు కాగితాన్ని అడ్డంగా తిప్పి, పైనుంచి కిందికి రాశారు. చిన్నప్పటి నుంచి సిరియాక్ బడుల్లో వాళ్ల చేతికి వచ్చిన పద్ధతి అదే. మరూతా కాగితం తిప్పలేదు. అరబ్బీ రాసినట్టే నేరుగా రాసుకుపోయాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

"నిసిబిస్‌లో నీకు కాగితం తిప్పడం నేర్పలేదా నాయనా?"

మరూతా కలం చెక్కే కత్తి ఎత్తాడు. సబ్రీషో సిరాబుడ్డి ముఖాన విసిరాడు. మిగతా ఇద్దరూ మరూతా మీద పడి పట్టుకున్నారు.

"ఏం రాశావురా?"

మరూతా నల్లటి ముఖంతో నవ్వాడు. "ఎండ చూడు, ముసలోడా. నడినెత్తికి వచ్చేసింది."

అతని బల్ల మీద విష విరుగుడు ప్రతి ఉంది. గ్రీకులో నల్లమందు ఒక పాలు. ఇతని అరబ్బీలో పది. యుద్ధానికి బయలుదేరే ముందు సేనాని తాగే మందు అది. దాని నకలు నిన్ననే సేనాని మందులశాలకు వెళ్లింది.

సబ్రీషో రెండు కాగితాలూ పట్టుకుని సేనాని దగ్గరికి పరుగెత్తాడు. డెబ్బై ఏళ్ల మోకాళ్లు తిట్టుకున్నాయి.

గిన్నె సేనాని పెదాలకు తాకింది. అరవడానికి సబ్రీషోకి ఊపిరి లేదు. చేత్తో గిన్నెను కొట్టాడు. మందు ఒలికింది. పది కత్తులు లేచాయి. అతను గ్రీకు కాగితం, అరబ్బీ కాగితం పక్కపక్కన పరిచాడు. సేనాని వైద్యుడు వంగి చదివి తెల్లబోయాడు.

సేనాని తన అంగీ చూసుకున్నాడు. "కొత్తది," అన్నాడు. తర్వాత కత్తులు దించమన్నాడు.

మర్నాడు పొద్దున సబ్రీషో ఒక పాలు నల్లమందుతో ఆ పుట మళ్లీ రాయించాడు. మరూతా పోయి ఖాళీ అయిన చోట థియోడోటీ వచ్చి కూర్చుంది. అతని కళ్లలోకి చూస్తూ కాగితాన్ని నెమ్మదిగా అడ్డంగా తిప్పింది.

ఆమె రాసిన కొలతలను అతను మూడుసార్లు సరిచూశాడు.